ఆముదం మందు గుణానికి పరీక్షలు: ఆదోని, ఎమ్మిగనూరు సరుకుకు ఒరిగేదేమిటి?

ఆదోని: ఆముదాలకు మద్దతు ధర లేదు. కేంద్ర ప్రభుత్వం ఏటా ప్రకటించే కనీస మద్దతు ధరల పట్టికలో వేరుశనగ, పొద్దుతిరుగుడు, నువ్వులు, కుసుమ ఉన్నాయి గాని ఆముదాలు లేవు. కనుక ఆదోని, ఎమ్మిగనూరు యార్డులకు దిగే ఆముదాలకు గిరాకీ ఒక్కటే దిక్కు. ఆ గిరాకీలో పరిమాణం రీత్యా చిన్నదే అయినా, నాణ్యతకు హెచ్చు ధర పెట్టేది మందుల పరిశ్రమ. ఆముదం మందుగా పనిచేస్తుందన్న మాట తాతల నాటిది. అందులో ఏవి పరీక్షకు నిలిచాయి, ఏవి నిలవలేదు, మందు నూనెను ఏ కొలతలతో చూస్తారు, ఆ కొలతల్లో సరుకు తప్పడం ఎక్కడ మొదలవుతుంది అన్నవి ఈ ప్రాంత వర్తకులు, దలాలీలు, మిల్లుల వారు తెలుసుకోదగినవి.

ఒకే గింజ, పలు గిరాకీలు

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఎర్ర నేలల్లో ఆముదాన్ని ఎక్కువగా వర్షాధారంగానే వేస్తారు. వేరుశనగలోను, కందిలోను సాళ్లుగా వేయడమూ ఉంది. తొలకరికి విత్తితే మూడు నెలలు దాటాక మొదటి గెలలు కోతకు వస్తాయి. తరువాత విడతలు విడతలుగా గెలలు కోస్తారు. ఒకే చేను సరుకు యార్డుకు పలుమార్లు రావడానికి, ఒక విడత గింజకు మరో విడత గింజకు తేడా ఉండడానికి కారణం ఇదే.

గింజలో నూనె పాలు రకాన్ని బట్టి దాదాపు 45 నుంచి 50 శాతం. ఆ నూనెలోని కొవ్వు ఆమ్లాలలో 85 నుంచి 90 శాతం రిసినోలిక్ ఆమ్లం. వేరుశనగ నూనెలో గాని, నువ్వుల నూనెలో గాని ఇది లేదు. ఆముదం చిక్కదనానికి, విరేచనకారి గుణానికి, పరిశ్రమల్లో దానికున్న గిరాకీకి మూలం ఈ ఆమ్లమే. విమాన ఇంజన్ల తొలి రోజుల్లో ఆముదాన్ని కందెనగా వాడారు. కాస్ట్రాల్ అన్న పేరు కూడా ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న కాస్టర్ అన్న పేరు నుంచి వచ్చినదే. నేడు రంగులు, గ్రీజులు, సబ్బులు, నైలాన్-11 అనే ప్లాస్టిక్ దీని నుంచి తయారవుతున్నాయి.

మందుల పరిశ్రమ ఆముదాన్ని రెండు విధాలుగా వాడుకుంటుంది. మొదటిది నేరుగా విరేచనానికి ఇచ్చే నూనె. రెండవది మార్పు చేసిన ఆముదం. ఆముదాన్ని ఇథిలీన్ ఆక్సైడ్‌తో కలిపి చేసే క్రెమోఫోర్ అనే పదార్థం నీటిలో కరగని మందులను కరిగించడానికి పనికివస్తుంది. అమెరికాలో 1992లో అనుమతి పొందిన కాన్సరు మందు టాక్సాల్ ఇంజక్షన్ అందులోనే కరిగించి ఇచ్చేదిగా వచ్చింది. ఆముదం నుంచి తీసే అండెసిలెనిక్ ఆమ్లాన్ని తామర వంటి చర్మరోగాలకు పూత మందుల్లో వాడతారు. ఈ రెండవ తరహా గిరాకీకి శుద్ధమైన నూనె కావాలి గనుక నాణ్యత పట్టింపు హెచ్చు.

విరేచన గుణం ఎలా రుజువైంది

సంస్కృతంలో ఏరండమని పేరున్న ఈ మొక్కను ఆయుర్వేదం ఉదర రోగాలకు, వాత నొప్పులకు ప్రధానంగా చెప్పింది. తెలుగు ఇళ్లలో ఆముదం పట్టించుకోని పిల్లవాడు ఒకప్పుడు ఉండేవాడు కాడు. ఇష్టం లేనివాడి ముఖాన్ని ఆముదం తాగిన ముఖమనడం అందుకే వాడుకలోకి వచ్చింది.

నూనె కడుపులోకి వెళ్లాక చిన్న ప్రేగులో విడిపోయి రిసినోలిక్ ఆమ్లం బయటపడుతుందని, పని చేసేది అదేనని చాలాకాలంగా తెలుసు. అది పేగును ఏ విధంగా కదిలిస్తుందన్నది మాత్రం 2012 దాకా తేలలేదు. ఆ సంవత్సరం జర్మనీలోని బాడ్ నౌహైమ్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ సంస్థలో స్టెఫాన్ ఓఫర్‌మాన్స్ బృందం ఎలుకల మీద పరీక్షలు జరిపింది. పేగు గోడ కండరంలో ఇ.పి.3 అనే గ్రాహకం ఉంది. రిసినోలిక్ ఆమ్లం దానికి తగులుకుని కండరాన్ని ముడుచుకునేట్టు చేస్తుందని వారు తేల్చారు. ఆ గ్రాహకం లేకుండా పుట్టించిన ఎలుకలకు ఆముదం పట్టినా విరేచనం కాలేదు. తాళం చెవి ఏదో, తాళం ఏదో రెండూ తెలిసినట్టయింది.

అమెరికా ఔషధ నియంత్రణ శాఖ కూడా ఆముదాన్ని డాక్టరు చీటీ అక్కరలేని విరేచన మందుల కోవలో ఉంచింది. అయితే ఇది అప్పుడప్పుడు వాడే మందేగాని నిత్యం తినే నూనె కాదు. ఆహారంలో కలిసే ఆముదం విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల సంయుక్త నిపుణుల సంఘం 1979లో పెట్టిన రోజువారీ పరిమితి కిలో శరీర బరువుకు 0.7 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి ఇది 42 మిల్లీగ్రాములు, అంటే సుమారు ఒక చుక్క.

మిగతా ప్రతీతుల సంగతి

విరేచన గుణం ఒక్కటి రుజువైనంత మాత్రాన ఆముదం మీద ఉన్న ప్రతీతులన్నీ రుజువైనట్టు కాదు. ఒక్కొక్కదాన్ని విడిగా చూడవలసి ఉంటుంది.

కీళ్ల నొప్పులు: మోకాళ్ల అరుగుదల ఉన్న 100 మంది రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఆముదం గొట్టాలు, రెండవ జట్టుకు డైక్లోఫెనాక్ మాత్రలు నాలుగు వారాలు ఇచ్చిన భారతీయ పరీక్ష ఫలితాలు 2009లో వెలువడ్డాయి. రెండు జట్లలోను నొప్పి తగ్గింది. ఆముదం జట్టులో చెడు ఫలితాలు కనిపించలేదు. ఇది ఆశ కలిగించే ఫలితమే. కాని 100 మందితో, నాలుగు వారాలతో పాత వాతరోగానికి మందు ఖాయమని చెప్పడానికి లేదు.

కాన్పు నొప్పులు రావడానికి: పైన చెప్పిన 2012 పరీక్షలోనే ఎలుకల గర్భాశయం మీద కూడా ఆముదం పనిచేస్తుందని కనిపించింది. స్త్రీల మీద జరిగిన పరీక్షలను కోక్రేన్ సంస్థ 2013లో సమీక్షించింది. దానికి దొరికినవి మూడు పరీక్షలు, 233 మంది స్త్రీలు. మేలు జరుగుతుందని చెప్పడానికి ఆధారాలు చాలవని సమీక్ష తేల్చింది. ఆముదం తాగిన వారందరికీ కడుపులో వికారం కలిగింది. కనుక ఇది ఇంట్లో చేయదగిన పని కాదు.

పసిపిల్లలకు పట్టడం: ఇందులో మేలు కన్న కీడే హెచ్చు. ఏడ్చే బిడ్డకు నూనె పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వస్తుంది. దక్షిణ భారతంలో ఇటువంటి కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ముక్కులో ఆముదం చుక్కలు వేయడం కూడా ఇంతే ప్రమాదం.

జుట్టు పెరగడం: తలకు రాస్తే చలవ అని, జుట్టు ఒత్తుగా వస్తుందని నమ్మకం. జుట్టు పెరుగుతుందనడానికి గట్టి పరీక్షల దన్ను లేదు.

సీసా మీద చీటీ అంటించి అమ్మేవారికి ఈ తేడా ముఖ్యం. రోగం నయమవుతుందని చెప్పి మందుగా తయారుచేసి అమ్మాలంటే 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కింద తయారీ లైసెన్సు ఉండాలి. కొన్ని రోగాల పేరు చెప్పి ప్రకటనలు చేయడాన్ని 1954 నాటి మరో చట్టం నిషేధించింది. దీపానికని కొన్న డబ్బా నూనెను మందు సీసాల్లో నింపడం ఈ చట్టాల కింద నేరమవుతుంది.

వంటాముదంలో ఉన్న తెలివి

ఆముదపు గింజలో రిసిన్ అనే విషం ఉంది. 1888లో స్టిల్‌మార్క్ అనే శాస్త్రజ్ఞుడు, నేటి ఎస్టోనియాలో ఉన్న డోర్పాట్ విశ్వవిద్యాలయంలో, దాన్ని గుర్తించి ఆ పేరు పెట్టాడు. రిసిన్ ఒక మాంసకృత్తు. మాంసకృత్తు గనుక నూనెలో కరగదు, వేడికి చెడిపోతుంది. ఇళ్లలో గింజలు వేయించి, దంచి, నీళ్లు పోసి కాచి, పైకి తేలిన నూనెను తేర్చుకునే పద్ధతే వంటాముదం. విషం గురించి ఎవరూ చెప్పకుండానే ఈ పద్ధతి విషానికి విరుగుడు చేస్తున్నది.

మందుల గ్రంథం ప్రకారం తీసే నూనె దీనికి భిన్నం. ఔషధపు ఆముదాన్ని వేడి చేయని గింజ నుంచి ఒత్తిడితోనే తీస్తారు. తరువాత ఆవిరి పట్టి మాంసకృత్తులను విరిచి, వడపోస్తారు. మొదటి ఒత్తిడి నూనె పోగా చెక్కలో మిగిలిన నూనెను ఎక్స్‌పెల్లరుతోను, సాల్వెంటుతోను తీసి పరిశ్రమలకు అమ్ముతారు. ఈ విధంగా ఒకే బస్తా గింజల నుంచి రెండు మూడు ధరల నూనె వస్తుంది.

మందు నూనెకు కొలతలు

ఔషధపు ఆముదానికి పెట్టే పరీక్షలు మిల్లుల వారికి కొత్తవి కావు. కాని ఒక్కొక్క సంఖ్య దేనిని పట్టిస్తుందో తెలిస్తే కొనుగోలులో ఉపయోగం.

అయోడిన్ వాల్యూ 82 నుంచి 90 దాకా, సేపోనిఫికేషన్ వాల్యూ 176 నుంచి 187 దాకా ఉండాలి. వేరే నూనె కలిస్తే ఈ సంఖ్యలు పక్కకు జరుగుతాయి. హైడ్రాక్సిల్ వాల్యూ 150కి తగ్గరాదు. రిసినోలిక్ ఆమ్లం ఎంత ఉన్నదీ ఇది చెబుతుంది గనుక కల్తీని పట్టడంలో దీనికి సాటి లేదు. యాసిడ్ వాల్యూ 2కు మించరాదు. నూనె ఎంత విరిగిపోయిందో దీనివల్ల తెలుస్తుంది. యాసిడ్ వాల్యూ 2 అంటే విడి కొవ్వు ఆమ్లం, వర్తకుల మాటలో ఎఫ్.ఎఫ్.ఎ., సుమారు 1 శాతం.

సులువైన పరీక్ష ఇంకొకటి ఉంది. ఆముదం ఆల్కహాలులో పూర్తిగా కలిసిపోతుంది, పెట్రోలియం ఈథర్ హెచ్చు పాళ్లలో పోస్తే పూర్తిగా కలవదు. మిగతా వంట నూనెల నడత దీనికి సరిగ్గా తలకిందులు. వేరుశనగ నూనెలో ఆముదం కలిసిందేమో చూడడానికి ఈ గుణమే ఆధారం. ఆమ్లం కలిపిన పెట్రోలియం ఈథర్‌లో నూనెను కరిగించి అమోనియం మాలిబ్డేట్ చుక్కలు వేస్తే, ఆముదం ఉన్న పక్షంలో మసకబారుతుంది. వేరుశనగ, ఆముదాలు రెండూ ఆడించే మిల్లులకు ఇది కావలసిన పరీక్ష. ఒక నూనె ఆడాక కడగని ట్యాంకులోకి రెండవ నూనె పట్టినా కల్తీ కల్తీయే.

యాసిడ్ వాల్యూ యార్డులోనే మొదలు

ఈ పరీక్షలన్నిటిలో సరుకు తరచు తప్పేది యాసిడ్ వాల్యూలో. తప్పు మిల్లుదని అనుకోవడం కద్దు. గింజ స్వభావం చూస్తే తప్పు అంతకు ముందే జరుగుతున్నదని తెలుస్తుంది.

ఆముదపు గింజలో నూనెను విరగ్గొట్టే లైపేజ్ అనే ఎంజైము ఉంది. మొలకెత్తేటప్పుడు నూనెను ఆహారంగా మార్చుకోవడానికి గింజకు అది అవసరం. దాని శక్తి ఎంతటిదంటే, 1902లో కాన్‌స్టైన్, హోయర్, వార్టెన్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు ఆముదపు గింజల పిండినే వాడి ఇతర కొవ్వులను ఆమ్లాలుగా విడగొట్టే పద్ధతిని ప్రచురించారు. సబ్బుల పరిశ్రమ దాన్ని కొంతకాలం వాడుకున్నది కూడా.

గింజ పెంకు చెక్కు చెదరకుండా పొడిగా ఉన్నంత కాలం ఈ ఎంజైము కదలదు. గింజ పగిలి తేమ తగిలిందా, పని మొదలుపెడుతుంది. గెలలు పచ్చిగా ఉండగానే కోసి కుప్ప వేయడం, కర్రలతో గట్టిగా బాదడం, నూర్పిడి యంత్రాన్ని గింజకు తగినట్టు బిగించకపోవడం, వాన తగిలిన బస్తాలను ఆరబెట్టకుండా అట్టి వేయడం, ఇవన్నీ ఎఫ్.ఎఫ్.ఎ. పెంచే పనులే. రాసిలో పగిలిన గింజ, పొల్లు, మట్టి కలిసి ఉంటే దలాలీ తరుగు పడతాడు. ఆ తరుగు బరువుకే సరిపోతుంది. నూనెలో జరిగే నష్టం అందులోకి రాదు.

ఆ నష్టాన్ని ఒక లెక్కతో చూడవచ్చు. 10 టన్నుల నూనెలో ఎఫ్.ఎఫ్.ఎ. 3 శాతం ఉంటే 300 కిలోల విడి ఆమ్లం ఉన్నట్టు. మందు నూనెకు 1 శాతం, అంటే 100 కిలోలే, ఉండవచ్చు. తేడా 200 కిలోలను కాస్టిక్ సోడాతో సబ్బుగా మార్చి తీసేయాలి. ఆముదం చిక్కని నూనె గనుక ఆ సబ్బుతో పాటు మంచి నూనె కూడా కొంత పోతుంది. దీని పైన సోడా ఖర్చు, బొగ్గు ఖర్చు, కూలి ఉండనే ఉన్నాయి. మిల్లు ఈ ఖర్చును మోయదు, మరుసటి కొనుగోలులో గింజ ధర మీదికే తోస్తుంది. చివరకు నష్టపోయేది సరుకు ఆరబెట్టి తెచ్చిన రైతు కూడా, ఎందుకంటే యార్డులో అతని రాసిని పక్క రాసితో కలిపి ఒకే ధర పలకడం జరుగుతుంటుంది.

చెక్కతో, దుమ్ముతో జాగ్రత్త

నూనె పోయాక రిసిన్ అంతా చెక్కలో మిగులుతుంది. అందుకే ఆముదపు చెక్క ఎరువుగా వాడదగినదే తప్ప పశువులకు పెట్టరాదు. వేరుశనగ చెక్క దాణాగా పోయే ఈ ప్రాంతంలో ఒకే గోదాములో రెండు చెక్కలు అట్టి వేయడం, ఒకదాని ఖాళీ సంచులను రెండవదానికి వాడడం పశువుల ప్రాణానికి ముప్పు. విడి సంచులు, విడి గోదాము, సంచి మీద ఎరువు అని పెద్ద అక్షరాలు ఉండడం కనీసపు జాగ్రత్త. పచ్చి గింజను నమిలి రుచి చూసే అలవాటు ఎవరికైనా ఉంటే మానుకోవాలి. రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందం రిసిన్‌ను అతి కఠినమైన మొదటి పట్టికలో పెట్టింది.

హమాలీలకు మరో బెడద దుమ్ము. గింజలోను, చెక్కలోను ఉండే ఒక రకం మాంసకృత్తు కొందరికి ఆయాసం తెప్పిస్తుంది. ఇది రిసిన్ కాదు, వేడికి అంత తేలికగా చెడదు కూడా. అమెరికాలోని టొలీడో నగరంలో ఆముదపు మిల్లు పరిసరాల్లో నివసించేవారికి ఉబ్బసం రావడానికి ఆ మిల్లు దుమ్మే కారణమని 1928లో డాక్టర్లు తేల్చారు. చెక్కను బస్తాలకెత్తే చోట ముక్కుకు గుడ్డ, గాలి వాటం చూసుకోవడం ఖర్చు లేని పనులు.

మార్కెట్ సరళి

ప్రపంచపు ఆముదంలో అత్యధిక భాగం భారతదేశానిది. దేశపు పంటలో 80 శాతానికి పైగా గుజరాత్‌ది. నీటి వసతి కింద హైబ్రిడ్ రకాలు వేసే గుజరాత్‌తో వర్షాధారపు రాయలసీమ పరిమాణంలో పోటీ పడజాలదు. ఆదోని ధర డీసా, పాటన్ మార్కెట్ల వైపు చూసే సాగుతుంది. గుజరాత్‌లో పంట హెచ్చితే ఇక్కడ ధర మందగిస్తుంది. వాయిదా వ్యాపారపు కుదుపులు కూడా ఇక్కడికి తగలక మానవు. 2016 జనవరిలో ధరలు కుప్పకూలినప్పుడు ఎన్.సి.డి.ఇ.ఎక్స్. ఆముదాల వాయిదా వ్యాపారాన్ని ఏకంగా నిలిపివేసింది.

పరిమాణంలో కాని పోటీ నాణ్యతలో సాధ్యం. విత్తనానికి కొరత లేదు. హైదరాబాదులో 1960ల చివర రూపొందిన అరుణ రకం, సుమారు 270 రోజుల పంటను సగానికి సగం తగ్గించింది. 1977లో రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన డైరెక్టరేట్‌గా ఏర్పడి, ప్రస్తుతం భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థగా ఉన్న కేంద్రం నుంచి జ్యోతి రకం, డి.సి.హెచ్.-177, డి.సి.హెచ్.-519 హైబ్రిడ్లు వచ్చాయి. నాగర్‌కర్నూలు జిల్లా పాలెం కేంద్రం క్రాంతి, హరిత రకాలను ఇచ్చింది. నూనె పరీక్షలకు దూరం పోనక్కరలేదు. అనంతపురంలోనే నూనె సాంకేతిక పరిశోధన సంస్థ ఉంది.

ఆదోని, ఎమ్మిగనూరు యార్డులలో పొడి గింజను, పగలని గింజను విడి రాసిగా పోయించి, నమూనా తీసి, ఎఫ్.ఎఫ్.ఎ. చూసి ధర కట్టే పద్ధతి వస్తే ఫలితం మూడు వర్గాలకూ అందుతుంది. రైతు ఆరబెట్టిన శ్రమకు వెల వస్తుంది. కమీషన్ ఏజెంటుకు తిరిగివచ్చే సరుకు బెడద తగ్గుతుంది. మిల్లు మందు నూనె బేరానికి నిలవగలుగుతుంది. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని సామెత. ఆముదం మందు గుణాన్ని ప్రయోగశాలలు ఎంతవరకు రుజువు చేయాలో అంతవరకు చేశాయి. ఆ గుణానికి ధర రాబట్టుకోవడం యార్డులో గింజను పొడిగా, పగలకుండా నిలబెట్టుకోవడం మీద ఆధారపడి ఉంది.